నాన్న పాత పాస్‌బుక్కు, 89 రోజులు

2025 జూన్ 22, ఆదివారం. ఊళ్ళో ఇంటికి సున్నాలు వేయిద్దామని సామాను బయట పెడుతుంటే, ఇనప్పెట్టె అడుగున శిస్తు రసీదుల మధ్య నాన్న పాస్‌బుక్కు దొరికింది. చివరి పద్దు 2013 జూన్ 14న, ఐదు వేలు తీసుకున్నట్టు. నిల్వ 41,318 రూపాయలు. నాన్న పోయింది 2014 నవంబరులో. అప్పట్లో మాకు తెలిసిన ఖాతా ఒక్కటే, దాన్ని ఆ నెలే మూయించాం. ధాన్యం డబ్బు పడటానికి మండల కేంద్రంలో ఇంకోటి తెరిచిన సంగతి అమ్మకు కూడా గుర్తులేదు.

డబ్బు చేతికొచ్చింది సెప్టెంబరు 19న. మధ్యలో 89 రోజులు. ఇనప్పెట్టెలో ఇలాంటి పుస్తకం దొరికినవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది తేదీలతో రాస్తున్నాను. బ్యాంకు పేరు రాయను. ఏ బ్యాంకులోనైనా తంతు దాదాపు ఇదే.

మొదటి చిక్కు పాస్‌బుక్కు అట్ట మీదే ఉంది. ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు, ఇంకోదాంట్లో కలిసిపోయింది. మన వైపు చాలామంది ఇళ్ళలో ఉండేవి ఇలాంటి పుస్తకాలే. ఆంధ్రా బ్యాంకుదైతే యూనియన్ బ్యాంకుకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌దైతే ఎస్‌బీఐకి, ఐఎన్‌జీ వైశ్యాదైతే కోటక్‌కు, సిండికేట్‌దైతే కెనరాకు, విజయా బ్యాంకుదైతే బ్యాంక్ ఆఫ్ బరోడాకు వెళ్ళాలి. ఖాతా నంబరు అలాగే ఉన్నా, మారినా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మాత్రం కచ్చితంగా మారి ఉంటుంది. మా పుస్తకం కంప్యూటర్లు రాకముందు మొదలైంది కాబట్టి అట్ట మీద ఐదంకెల లెడ్జరు నంబరు ఉంది, లోపలి పేజీలో రబ్బరు ముద్రతో పెద్ద నంబరు వేశారు. ఆ ముద్ర సగం చెరిగిపోయింది.

జూన్ 24 రాత్రి ఉద్గమ్ పోర్టల్‌లో వెతికాను. పదేళ్ళపాటు ఎవరూ ముట్టని డబ్బును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు పంపేయాలి. అలా వెళ్ళిన ఖాతాలను వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు పెట్టిన పోర్టల్ ఇది. మొదలైనప్పుడు ఏడు బ్యాంకులే ఉండేవి, 2024 మార్చి నాటికి ముప్పై అయ్యాయి. మన ఫోన్ నంబరుతో నమోదై, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్ళాలి. ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు తప్పనిసరి. వాటితోపాటు పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టినతేదీల్లో ఏదో ఒకటి ఇవ్వాలి. ఏదీ లేకపోతే చిరునామాతో వెతకొచ్చు.

పుట్టినతేదీతో కొడితే ఏమీ రాలేదు. ఓటరు కార్డుతోనూ అంతే. నాన్నకు పాన్ తీసుకున్నదే 2011లో, ఖాతా దానికంటే చాలా పాతది కాబట్టి పాన్‌తో రాకపోవడం వింత కాదు. నాలుగోసారి చిరునామాతో వెతికితే వచ్చింది. అదీ పేరును పాస్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టుగా, ముందు రెండు పొడి అక్షరాలు, చివర హెచ్ లేని మూర్తి రాసి కొట్టాక. పోర్టల్‌కు మనవాళ్ళ పేర్లతో పెద్ద తలనొప్పి ఇదే. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకో కాగితంలో పూర్తిగా ముందు, మూడో దాంట్లో పూర్తిగా వెనక ఉంటుంది. అన్ని రకాలుగానూ కొట్టి చూడండి. ఒకసారి రాలేదని డబ్బు లేదనుకోవద్దు.

దొరికాక పోర్టల్ చూపించేది పేరు, బ్యాంకు, యూడీఆర్ఎన్ అనే గుర్తింపు సంఖ్య. డబ్బు ఎంతో చూపించదు. అక్కడ క్లెయిం చేయడం కూడా కుదరదు, బ్యాంకుకే వెళ్ళాలి. ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకోండి, తర్వాత అన్నిచోట్లా అదే పనికొచ్చింది. ఇంకో మాట. పోస్టాఫీసు పొదుపు ఖాతాలు, ఊళ్ళో సొసైటీలో వేసిన డిపాజిట్లు ఇందులో కనపడవు. వాటికి ఆ ఆఫీసుల్లోనే అడగాలి.

జూలై 7, సోమవారం. అమ్మను తీసుకుని బ్రాంచికి వెళ్ళాం. పాత నంబరు సిస్టంలో రావట్లేదన్నారు. యూడీఆర్ఎన్ ఇస్తే రెండు నిమిషాల్లో దొరికింది. వెంటనే కౌంటరులో అమ్మాయి, "ఇది డీఫ్‌కి వెళ్ళిపోయిందండి, 2023 జూలై 31న. డబ్బు ఆర్‌బీఐ దగ్గరుంది, ఇంక మా చేతుల్లో ఏం లేదు" అంది. ఆ ఫండ్ పొడి అక్షరాలన్నీ కలిపి బ్యాంకువాళ్ళు డీఫ్ అంటారు. చెవిటివాళ్ళను ఇంగ్లీషులో అవే అక్షరాలున్న మాటతో పిలుస్తారు కదా, రాబోయే రెండు నెలల్లో ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలిసొచ్చింది.

అక్కడ వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. రావద్దు. నియమం తిరగేసి ఉంటుంది: ముందు బ్యాంకే మనకు చెల్లించాలి, తర్వాత అది రిజర్వు బ్యాంకు నుంచి తెచ్చుకోవాలి. మనకు రిజర్వు బ్యాంకుతో పనే లేదు, ముంబై దాకా ఉత్తరాలు రాయక్కర్లేదు. ఈ మాట మేనేజరుగారి గదిలో చెబితే ఆయన కాదనలేదు. "అవునండి, మేమే ఇస్తాం. కానీ నామినీ లేరు" అన్నారు. సిస్టంలో ఆ గడి ఖాళీగా ఉంది.

నామినీ లేకపోతే కావలసినవాటి చిట్టా చేతిలో పెట్టారు: మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసులందరి ఆధార్, పాన్, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఇంకెవరైనా హక్కు అడిగితే ఆ నష్టం మేమే భరిస్తామని రాసిచ్చేది), ఇద్దరు హామీదార్లు, డబ్బు అమ్మకే ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదని నేనూ తమ్ముడూ రాసిచ్చే పత్రం. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ రాసే కాగితాన్ని హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపమన్నారు. ఫోన్ చేస్తే, "అంతా కలిపి ఎంతొస్తుంది?" అన్నాడు. ఎంతో మాకే తెలియదు. క్లెయిం పెట్టాకే చెబుతామన్నారు బ్రాంచిలో. మరణ ధ్రువీకరణ పత్రం, అమ్మ ఆధార్ చూపించి గట్టిగా అడిగాక స్టేట్‌మెంటు ప్రింటు ఇచ్చారు.

ఆ స్టేట్‌మెంటు చదవడం ఒక అనుభవం. పదేళ్ళ కాగితం మీద మనిషి చేసిన పద్దు మొదటి వరుసలోదే. మిగిలినవన్నీ బ్యాంకు తనంతట తాను వేసుకున్నవి. మొదట్లో ఆరు నెలలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి వడ్డీ పడుతూ వచ్చింది. మధ్యమధ్య ఎస్ఎంఎస్ చార్జీలు 17 రూపాయల 70 పైసలు పోతున్నాయి. ఆ ఎస్ఎంఎస్‌లు వెళ్ళిన నంబరు నాన్నది, 2015లోనే ఆగిపోయింది. ఖాతా రెండేళ్ళు కదలకపోతే దాన్ని ఇన్‌ఆపరేటివ్ అంటారు. అయినా పొదుపు ఖాతాకు వడ్డీ మాత్రం ఆగకూడదు, ఆగలేదు కూడా. ఫండ్‌కు వెళ్ళేనాటికి నిల్వ 57,840.

బ్యాంకు వేసే వడ్డీ, బ్యాంకు కోసే చార్జీ ఖాతా కదిలినట్టు లెక్కలోకి రావు. ఖాతాదారు చేసినది గానీ, బయటివాళ్ళు అందులో వేసినది గానీ ఉండాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం నెట్ బ్యాంకింగ్‌లోకో మొబైల్ యాప్‌లోకో లాగిన్ అయినా, కేవైసీ కొత్తగా ఇచ్చినా ఖాతా బతికే ఉన్నట్టు. ఏడాదికోసారి యాప్ తెరిచి నిల్వ చూసుకుంటే చాలన్నమాట. ఇది తెలిశాక నా సంగతి గుర్తొచ్చింది.

హైదరాబాదులో నా మొదటి ఉద్యోగం తాలూకు జీతం ఖాతా ఒకటి 2021 నుంచి పడి ఉంది, వేరే బ్యాంకులో. జూలై 10, గురువారం, ఇంటికి దగ్గర్లో ఉన్న బ్రాంచికి వెళ్ళాను. నా ఖాతా ఉన్న బ్రాంచి కాదు అది. ఏ బ్రాంచిలోనైనా తీసుకోవాలని నియమం. ఒక పేజీ దరఖాస్తు, ఆధార్, పాన్, ఒక ఫొటో. చార్జీ లేదు, ఉండకూడదు కూడా. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే మూడు పనిదినాల్లో తెరవాలి. మధ్యలో రెండో శనివారం, ఆదివారం వచ్చాయి, జూలై 15 మంగళవారం పొద్దున ఖాతా పనిచేస్తోందని మెసేజ్ వచ్చింది. అదే రోజు వంద రూపాయలు అందులో వేసి, యాభై తీశాను. ఇన్‌ఆపరేటివ్ అయ్యాక నిల్వ తక్కువైందని జరిమానా వేయకూడదు, వేయలేదు. నేను ఊహించనిది ఒక్కటే: జీతం ఖాతా కాస్తా మామూలు పొదుపు ఖాతా అయిపోయింది, ఇకనుంచి కనీస నిల్వ ఉంచాలి. మళ్ళీ తెరిపించేముందు ఆ మాట అడగండి. అక్కర్లేని ఖాతా అయితే అప్పుడే మూసేసి డబ్బు తెచ్చుకోవడం మేలు.

బతికున్న మనిషి, చేతిలో ఆధార్, పేరు సరిపోయింది: ఐదు రోజుల్లో అయిపోయింది. నాన్న ఖాతాకు పట్టిన కాలమంతా డబ్బు కోసం కాదు, ఆ పేరు ఈ పేరే అని నిరూపించడానికి.

జూలై 18న ఇండెమ్నిటీ బాండు తీసుకుని మళ్ళీ ఊరెళ్ళాను. వంద రూపాయల స్టాంపు పేపరుకు 130 తీసుకున్నారు, టైపింగుకు, నోటరీకి కలిపి 670. హామీదారుగా వస్తానన్న మా బాబాయి అదే బ్యాంకులో చాలా ఏళ్ళు ఖాతా నడిపినవాడు. కాగితాలన్నీ చూసి, "అసలు ఖాతా తెరిచిన ఫారం చూశారా? అప్పట్లో నామినీ లేకుండా తెరిచేవాళ్ళు కాదురా" అన్నాడు. మాకు తట్టలేదు. బ్యాంకుకూ తట్టలేదు. లెడ్జర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు పేరు, నిల్వ ఎక్కించారు, నామినేషన్ చాలా ఖాతాలకు ఎక్కలేదు. తర్వాత ఇంకో బ్యాంకులో కలిసినప్పుడు ఆ ఖాళీ గడే అటు వెళ్ళింది.

బ్రాంచిలో అడిగితే పాత రికార్డులు ఇక్కడ లేవన్నారు. నోటితో అడిగితే ఎవరూ వెతకరు. ఖాతా నంబరు, యూడీఆర్ఎన్, ఖాతా తెరిచిన సంవత్సరం వేసి, ఖాతా తెరిచిన ఫారంలో నామినేషన్ ఉందేమో చూసి చెప్పమని ఒక కాగితం రాసి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. వారం తిరిగేసరికి, జూలై 25న, మేనేజరుగారే ఫోన్ చేశారు. ప్రాంతీయ కార్యాలయం గోదాములో కట్టల్లోంచి ఫారం దొరికింది. దానికి పిన్ను కొట్టి ఉంది డీఏ1. నామినేషన్ ఫారానికి బ్యాంకుల్లో పేరు అది. నామినీ అమ్మ.

నామినీ ఉంటే చిట్టాలో సగానికి సగం కొట్టేయొచ్చు. వారసత్వ పత్రాలు, బాండు, హామీదార్లు ఏవీ అడగకూడదు. తమ్ముడు హ్యూస్టన్ వెళ్ళక్కర్లేకపోయింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం సచివాలయంలో పెట్టిన దరఖాస్తు వీఆర్వో విచారణ దగ్గరే ఉంది, దాన్ని వదిలేశాం. 800 పెట్టి చేయించిన బాండు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఇదంతా మొదటిరోజే అడిగి ఉంటే మూడు వారాలు మిగిలేవి. మీరు మాత్రం సిస్టంలో నామినీ లేరనగానే సరే అనకండి, కాగితం తీయించండి. పాస్‌బుక్కు మొదటి పేజీలో నామినేషన్ నమోదైనట్టు ముద్ర ఉందేమో కూడా చూడండి. మా దాంట్లో ఆ పేజీ నీళ్ళకు తడిసి ఏమీ కనపడలేదు.

నామినీ అంటే డబ్బు సొంతం అయిపోయినట్టు కాదు. వారసుల తరఫున తీసుకునే మనిషి, అంతే. మా ఇంట్లో దాని గురించి తగువేమీ లేదు కాబట్టి ఆ ప్రశ్న రాలేదు. ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి.

జూలై 28, సోమవారం. క్లెయిం పెట్టాం. నామినీకి వేరే ఫారం ఉంటుంది. దాంతో మరణ ధ్రువీకరణ పత్రం అసలు, నకలు, పాస్‌బుక్కు, అమ్మ ఆధార్, పాన్, ఫొటోలు, అమ్మ ఖాతా పుస్తకం మొదటి పేజీ నకలు, ఉద్గమ్ ప్రింటు. అప్పుడు రెండు అభ్యంతరాలు చెప్పారు.

ఒకటి, డీఏ1 మీద సాక్షుల సంతకాలు లేవు, చెల్లదన్నారు. నాన్న అందులో సంతకం చేశారు. వేలిముద్ర వేస్తేనే ఇద్దరు సాక్షులు కావాలి, సంతకానికి అక్కర్లేదు. ఇది రిజర్వు బ్యాంకు చెప్పిన మాటే. మేనేజరుగారు పై ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని సరే అన్నారు. అరగంట పట్టింది.

రెండోది నవ్వొచ్చేదే గానీ అమ్మకు బాధేసింది. డీఏ1లో అమ్మ పేరు చివర "అమ్మ" లేదు, ఆధార్‌లో ఉంది. మన ఆడవాళ్ళ పేర్లలో సగానికి ఆ తోక ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో ఉండదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించుకురమ్మన్నారు. "నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేశాను, నేనే నేనని నోటరీ చెప్పాలా?" అంది అమ్మ రోడ్డు మీద. పక్క వీధిలో నోటరీ దగ్గర 450 ఇచ్చి చేయించి, మూడున్నరకు మళ్ళీ కౌంటరుకు చేరాం.

కాగితాలు తీసుకున్నట్టు రసీదు ఇవ్వడం అలవాటు లేదన్నారు. ఈ ఒక్కదాని దగ్గర పట్టు వదలకండి. నామినీ ఉన్న క్లెయిం 15 రోజుల్లో తేల్చాలి. ఆ రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో చెప్పేది తేదీ ముద్ర ఒక్కటే. మన నకలు మీద ముద్ర, సంతకం, ఇచ్చిన కాగితాల సంఖ్య వేయించుకోవాలి. మా దాని మీద "11 కాగితాలు" అని రాయించాను. తర్వాత ఒకటి పోయిందని వాళ్ళన్నప్పుడు ఆ పదకొండే కాపాడింది.

ఆగస్టు 11న, పద్నాలుగో రోజున, ఫైలు వెనక్కొచ్చింది. ఈసారి అమ్మ పేరు కాదు, నాన్న పేరు. పాస్‌బుక్కులో పొడి అక్షరాలు, హెచ్ లేని మూర్తి. మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, మూర్తికి హెచ్ ఉంది. చనిపోయిన మనిషి, ఖాతాదారు ఒకరేనని రుజువు కావాలి. మరణ ధ్రువీకరణ పత్రాన్ని సరిచేయించాలంటే నెలలు పడుతుంది. మమ్మల్ని గట్టెక్కించింది పట్టాదారు పాసుపుస్తకం. దాంట్లో నాన్న ఫొటో ఉంది, ఇంటిపేరు పూర్తిగా ఉంది, సంతకం డీఏ1 మీద సంతకంతో సరిపోయింది. దానికి ఇంకో అఫిడవిట్, ఇంకో 450. ఆగస్టు 14న అమ్మే వెళ్ళి ఇచ్చొచ్చింది. ఫొటో ఉన్న పాత ప్రభుత్వ కాగితం ఏది ఉన్నా దాచుకోండి, ఇలాంటప్పుడు అది ఆధార్‌కంటే పనికొస్తుంది.

ఆ తర్వాత మౌనం. పంద్రాగస్టు, కృష్ణాష్టమి, ఆదివారం వరసగా వచ్చాయి. వినాయక చవితి అయింది. ఫోన్ చేస్తే "పై ఆఫీసులో ఉందండి" అంటారు, ఏ ఆఫీసో చెప్పరు. ఈ మూడు వారాలూ అన్నిటికంటే విసుగు. డబ్బు కోసమైతే ఎప్పుడో వదిలేసేవాళ్ళం. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం ఫోన్‌లో ఒకటే అడిగేది, ఏమైందని.

సెప్టెంబరు 8న బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న, ఫిర్యాదులు చూసే ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసరు చిరునామాకు మెయిల్ రాశాను. పది వరుసలు, తేదీలు, ముద్ర వేసిన రసీదు ఫొటో, యూడీఆర్ఎన్. కోపమేమీ లేదు అందులో. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, దానికి ఖర్చేమీ ఉండదు, 14448కు ఫోన్ చేసి అడగొచ్చు. ముందు బ్యాంకుకు రాసి ఉండటం తప్పనిసరి కాబట్టి ఆ మెయిల్ ఎటూ అవసరమే.

అంతదూరం పోలేదు. 10వ తేదీన ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. ఫైలు పై ఆఫీసులో లేనే లేదు. బ్యాంకులో ఇలాంటి పద్దు ఒకరు ఎక్కించాలి, ఇంకొకరు ఆమోదించాలి. కౌంటరులో అమ్మాయి ఎక్కించింది. ఆమోదించాల్సిన మేనేజరుగారికి ఆగస్టు చివర్లో బదిలీ అయింది. కొత్తాయన వరసలో ఆ పద్దు కనపడలేదు. పన్నెండు రోజులపాటు ఫైలు కంప్యూటర్ తెర మీద ఒక మీట దూరంలో ఆగి ఉంది.

సెప్టెంబరు 19, శుక్రవారం, మధ్యాహ్నం అమ్మ ఖాతాలో 61,553 పడ్డాయి. ఫండ్‌కు వెళ్ళిన 57,840, దాని మీద 781 రోజులకు వడ్డీ 3,713. ఫండ్‌లో ఉన్నంతకాలం రిజర్వు బ్యాంకు నిర్ణయించిన రేటే వస్తుంది. 2021 మే నుంచి అది ఏడాదికి 3 శాతం, చక్రవడ్డీ కాదు. మీకు వచ్చిన మొత్తాన్ని ఈ లెక్కతో సరిచూసుకోండి. బదిలీ అయిన తేదీ దగ్గర్నుంచి మనకు చెల్లించిన తేదీ దాకా రావాలి, క్లెయిం పెట్టిన తేదీ దాకా కాదు. కొన్నిచోట్ల అసలు మాత్రమే వేసి ఊరుకునే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతున్నాను.

మా ఖర్చు: హైదరాబాదు నుంచి మూడుసార్లు రానుపోను బస్సులకు 4,350, రెండు అఫిడవిట్లకు 900, వృథా అయిన బాండుకు 800, జిరాక్సులు, ఫొటోలకు 210. మొత్తం 6,260. నేను వెళ్ళకపోయినా జరిగిపోయే పనులే ఎక్కువ. మళ్ళీ చేయాల్సివస్తే మొదటిరోజు, క్లెయిం రోజు తప్ప వెళ్ళను.

ఆలస్యానికి బ్యాంకు ఏమీ ఇవ్వలేదు. మాకు డబ్బు పడిన వారానికి, సెప్టెంబరు 26న, చనిపోయిన ఖాతాదారుల క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు ఇచ్చింది. కాగితాలన్నీ అందాక 15 రోజులు దాటితే, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు 4 శాతం కలిపి, ఆ వడ్డీ లెక్కన బ్యాంకు పరిహారం కట్టాలని. నామినీ లేకపోయినా 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా, తేలిక పద్ధతిలో ఇవ్వాలని కూడా ఉంది. 2026 మార్చి 31 లోపు అన్ని బ్యాంకులూ అమలు చేయాలని గడువు పెట్టింది. మా తర్వాత వెళ్ళేవాళ్ళ చేతిలో ఆ కాగితం ఉంటుంది.

డబ్బు పడింది మహాలయ పక్షాల్లో. అమ్మ దాని గురించి ఏమీ అనలేదు, ఆదివారం అమావాస్యనాడు ఎంతమందికి భోజనాలు చెప్పాలో లెక్కపెట్టుకుంది. సోమవారం ఒక్కతే మండలం వెళ్ళి పాస్‌బుక్కు వెనక్కి అడిగింది. మూసేసిన ఖాతా పుస్తకం ఇవ్వకూడదన్నారు. కొత్త మేనేజరుగారు వచ్చి, ప్రతి పేజీ మీద అడ్డగీత గీయించి, కుడివైపు పై మూల కత్తెరతో కోసి చేతికిచ్చారు. ఇప్పుడది మళ్ళీ ఇనప్పెట్టెలోనే ఉంది, శిస్తు రసీదుల మీద.